చారలు పోని కిటికీ అద్దాలు: లోపం ద్రావణంలోనా, చేతిలోనా?

పేరు ప్రచురించవద్దని కోరిన ఒక పాఠకురాలి ఉత్తరం సారాంశం ఇది. వారు అద్దెకుంటున్న ఇంట్లో కిటికీలన్నీ పెద్దవి, పక్కకు జరిపే అద్దాల తలుపులవి. కొన్న స్ప్రే సీసా ఒక్క విడత తుడవడానికే అయిపోతుండటంతో, ఖర్చు తగ్గుతుందని ఇంట్లోనే ద్రావణం కలుపుకోవడం మొదలుపెట్టారు. సగం వెనిగర్, సగం కుళాయి నీళ్లు, అందులో రెండు చెంచాల వంటసోడా, అరచెక్క నిమ్మరసం, నురగ బాగా రావాలని గిన్నెలు తోమే లిక్విడ్ ధారాళంగా. కలపగానే బుసబుసా పొంగిన ఆ మిశ్రమాన్ని చూసి, ఇంత పొంగేది ఎంత మురికినైనా వదిలిస్తుందని నమ్మారట. సెలవు రోజున మిగతా పనులన్నీ ముగించుకుని మధ్యాహ్నం పూట కిటికీలు తుడుస్తారు. తుడుస్తున్నంతసేపూ అద్దం తళతళలాడుతుంది. ఆరిన తర్వాత, ముఖ్యంగా సాయంత్రపు ఎండ ఏటవాలుగా పడినప్పుడు, గుడ్డ తిరిగిన దారంతా చారలు చారలుగా బయటపడుతుంది.

ఆ చారల కంటే వాటి మీద ఇంట్లో నడిచే మాటలు తనను ఎక్కువ బాధపెడుతున్నాయని ఆమె రాశారు. అత్తగారు ఇంటికి వచ్చినవారి ముందే "మా రోజుల్లో ఈ సీసాలూ లేవు, ఈ వాసనలూ లేవు, నీళ్లూ పాత పేపర్లూ చాలేవి" అంటున్నారు. భర్త మాత్రం ఈ కొలతల గొడవంతా దండగనీ, అదే సీసాలో కాస్త బ్లీచింగ్ పౌడర్ వేస్తే మొండి మరకలన్నీ ఒక్క దెబ్బకు పోతాయనీ సలహా ఇస్తున్నారు. వంటింటి కిటికీ ఎంత తుడిచినా వేలికి జిడ్డుగానే తగులుతోంది. స్నానాల గది కిటికీ మీద తెల్లటి చుక్కలు గట్టిపడిపోయి అద్దం మసకబారింది. ఆ ఇంటికి వచ్చేది బోరు నీళ్లు. రెండు నెలల్లో ఇల్లు ఖాళీ చేయవలసి ఉండగా, అద్దాలు పాడు చేశారని యజమాని అడ్వాన్సులో కోత పెడతారేమోనన్న భయం కూడా పట్టుకుంది. లోపం నా చేతిలోనే ఉందా, ఇంట్లో చేసుకునే ద్రావణాలన్నీ వట్టి మాటలేనా, మళ్లీ సీసాలే కొనుక్కోవాలా అని ఆమె అడుగుతున్నారు.

మీరు ఒకే సమస్యగా రాసినది నిజానికి మూడు సమస్యలు. గదుల్లోని కిటికీల మీద చారలు ఒకటి, వంటింట్లో జిడ్డు ఒకటి, స్నానాల గదిలో తెల్లచుక్కలు ఒకటి. ఈ మూడింటికీ కారణాలు వేరు, వాటిని వదిలించే పదార్థాలు వేరు. మూడింటినీ ఒకే సీసాతో జయించాలని మీరు అన్నీ కలిపి పోశారు. మీ శ్రమ ఫలించకపోవడానికి మూలం అక్కడే ఉంది గానీ మీ చేతిలో కాదు. అయితే ఆ మూడింటిలోకి వెళ్లేముందు మీ భర్త సలహా గురించి చెప్పాలి. ఇందులో మాత్రం నేను మీకు రెండు దారులు చూపించలేను.

వెనిగర్ ఉన్న సీసాలో బ్లీచింగ్ పౌడర్ గానీ, బ్లీచ్ ద్రవం గానీ ఎట్టి పరిస్థితుల్లోనూ కలపకండి. బ్లీచ్‌కు ఆమ్లం తగిలితే క్లోరిన్ వాయువు వెలువడుతుంది. స్నానాల గదిలాంటి ఇరుకు చోట అది కళ్లను, గొంతును, ఊపిరితిత్తులను దెబ్బతీస్తుంది. నిమ్మరసం కూడా ఆమ్లమే కనుక వెనిగర్ మానేసి నిమ్మరసం ఉంచినా ప్రమాదం అదే. కొనే గాజు స్ప్రేలలో కొన్నింటిలో అమ్మోనియా ఉంటుంది. దానితో బ్లీచ్ కలిస్తే క్లోరమీన్లనే మరో రకం విషవాయువులు పుడతాయి. ప్రమాదం సంగతి పక్కన పెట్టినా ఆ సలహా వల్ల ప్రయోజనం లేదు. బ్లీచ్ చేసే పని రంగును విరగ్గొట్టడం, సూక్ష్మజీవులను చంపడం. మీ కిటికీ మీదున్న తెల్లచుక్కలు ఖనిజపు పొర, దాన్ని బ్లీచ్ కదిలించలేదు. పైగా బ్లీచింగ్ పౌడర్‌లో ఉండేది కాల్షియం సమ్మేళనమే కాబట్టి అది ఆరితే మరో తెల్లటి పొర మిగులుతుంది. మీ వారితో ఈ చివరి మాటే ముందుగా చెప్పండి. ప్రమాదమంటే కొట్టిపారేసేవారు కూడా పని జరగదంటే వింటారు.

ఇక మీరు కలిపిన ద్రావణం సంగతి. వెనిగర్‌లో సాధారణంగా 4 నుంచి 5 శాతం వరకు ఎసిటిక్ ఆమ్లం ఉంటుంది, మిగిలినదంతా దాదాపు నీరే. వంటసోడా క్షారం. ఈ రెండూ కలిసినప్పుడు మీరు చూసిన పొంగు కార్బన్ డయాక్సైడ్ వాయువు బయటికి పోవడమే తప్ప శుభ్రపరిచే శక్తి కాదు. పొంగు చల్లారాక సీసాలో మిగిలేది సోడియం ఎసిటేట్ అనే ఉప్పు కరిగిన నీరు. అంటే ఆమ్లం చేయగల పనీ, సోడా చేయగల పనీ రెండూ ఒకదానినొకటి చాలావరకు రద్దు చేసుకున్నాక, ఆ ఉప్పునీటిని మీరు అద్దానికి పూస్తున్నారు. నీరు ఆవిరైతే ఉప్పు అద్దం మీదే ఉంటుంది. నిమ్మరసంలో కొద్దిగా చక్కెరలూ గుజ్జూ ఉంటాయి, అవి జిగురుగా అంటుకుంటాయి. నురగ కోసం ఎక్కువగా పోసిన లిక్విడ్ కూడా ఆరాక సన్నని పొరగా నిలుస్తుంది. మీరు వాడిన ఐదింటిలో కుళాయి నీళ్ల తప్పేమీ లేదనుకోకండి, మీ కుళాయిలో వచ్చే బోరు నీళ్లలో కరిగి ఉన్న కాల్షియం, మెగ్నీషియం లవణాలు కూడా ఈ లెక్కలో పెద్ద వాటాదారులే.

కాబట్టి సాయంత్రం ఎండలో మీకు కనిపిస్తున్న చారలు చాలావరకు పాత మురికి కాదు, మీరు కొత్తగా పూసినదే. ద్రావణంలో ఆవిరి కాని పదార్థం ఎంత తక్కువ ఉంటే, అద్దం మీద నీరు ఆరిపోయే లోపు దాన్ని ఎంత పూర్తిగా లాగేస్తే, అద్దం అంత స్వచ్ఛంగా ఉంటుంది. ఏ సీసా కొన్నా, ఏ చిట్కా విన్నా ఈ రెండు ప్రశ్నలు వేసుకోండి. వంటింటి అలమరలో ఉన్నవన్నీ ఒకే గిన్నెలో పోయమనే చిట్కాలు ఈ రెండింటి దగ్గరే చతికిలబడతాయి. చూడటానికి పొంగూ నురగా బాగుంటాయి కనుక అవి చేతులు మారుతూ తిరుగుతుంటాయి, అంతే.

నీటి విషయంలో మీకున్న చవకైన మార్గం చివరి కడుగుడుకు మాత్రం లవణాలు తక్కువ ఉన్న నీరు వాడటం. తాగునీటి ఆర్‌ఓ యంత్రం ఇంట్లో ఉంటే ఆ శుద్ధి చేసిన నీరు చాలు. పొరపాటున దాని వ్యర్థ నీటి గొట్టం కింద పట్టిన నీళ్లు వాడకండి, లవణాలన్నీ పోగయ్యేది అందులోనే. శుభ్రమైన పాత్రలో పట్టిన వాన నీరు, వడగట్టిన ఏసీ నీరు కూడా లవణాలు తక్కువగా ఉండే నీళ్లే. మొదటి విడత మురికి వదిలించడానికి బోరు నీళ్లు వాడుకున్నా ఇబ్బంది లేదు, అవి అద్దం మీద ఆరిపోకుండా చూసుకుంటే చాలు.

మధ్యాహ్నం పూట తుడవడం మీ కష్టాన్ని రెట్టింపు చేస్తోంది. ఎండకు వేడెక్కిన అద్దం మీద ద్రావణం మీ గుడ్డ చేరేలోపే ఆరిపోయి, అందులో ఉన్నదాన్ని అక్కడే వదిలేస్తుంది. ఉదయం గానీ, ఎండ ఆ వైపు నుంచి తప్పుకున్నాక గానీ పని పెట్టుకోండి. ఉద్యోగం వల్ల సెలవు రోజు తప్ప వీలు కాదని రాశారు కదా, అలాగైతే ఆ రోజు ఇంటిపనుల వరుసలో కిటికీలను చివరి నుంచి మొదటికి తీసుకురండి. ఇందులో ఖర్చేమీ లేదు.

తడి పెట్టేముందు పొడి దుమ్ము దులపాలన్నది చాలామంది వదిలేసే మెట్టు. దోమల జాలీని విప్పగలిగితే ముందు దాన్నే కడగండి. జాలీ మీద దుమ్ము ఉంచి అద్దం కడిగితే మొదటి వాన జల్లుకే ఆ దుమ్ము అద్దం మీదికి దిగుతుంది. తర్వాత తలుపు జారే గాడిలో పేరుకున్న మట్టిని పాత టూత్‌బ్రష్‌తో కదిపి ఎత్తేయండి, లేదంటే తడి తగలగానే అది బురదై మీ గుడ్డలోకి చేరుతుంది. దీని వెనుక ఇంకో కారణం కూడా ఉంది. ఖనిజాల గట్టిదనాన్ని కొలిచే మోస్ కొలమానంలో కిటికీ గాజు సుమారు 5.5 దగ్గర ఉంటే, ఇసుకలోని క్వార్ట్జ్ 7 దగ్గర ఉంటుంది. ఇసుక రేణువు ఉన్న గుడ్డతో గట్టిగా రుద్దితే గాజు మీద సన్నని గీతలు పడతాయి, అవి ఏ ద్రావణానికీ పోవు.

గదుల్లోని మామూలు కిటికీలకు మీ ముందు మూడు దారులున్నాయి. అందులో నాకు ఎక్కువ నచ్చినది, వృత్తిగా అద్దాలు తుడిచేవారిలో చాలామంది వాడేది, అన్నిటికంటే చవకైనది సబ్బునీరు, రబ్బరు వైపర్. లీటరు నీటికి గిన్నెలు తోమే లిక్విడ్ కొన్ని చుక్కలు, గట్టిగా లెక్కేస్తే పావు చెంచా. మీకు అది నీళ్లలా అనిపించి ఇంకాస్త పోయాలనిపిస్తుంది, అక్కడే ఆగండి. ఒక మెత్తని గుడ్డను అందులో ముంచి అద్దమంతా తడిపి రుద్దండి. తర్వాత పొడి గుడ్డతో అద్దం పై అంచును ఒక వేలి వెడల్పున ఆరేలా తుడవండి. వైపర్ రబ్బరు అంచు తడి అద్దం మీద మొదలైతే నీటి గీత పడుతుంది, ఆరిన పట్టీ మీద మొదలైతే పడదు. వైపర్‌ను కాస్త వాలుగా పట్టుకుని పై నుంచి కిందికి ఒక్క ఊపున లాగి, ప్రతి లాగుడు తర్వాత రబ్బరును పొడి గుడ్డకు తుడిచి, పక్క లాగుడు ముందుదాని మీదికి రెండు వేళ్ల మేర ఎక్కేలా సాగించండి. చివర నాలుగు అంచుల్లో నిలిచిన తడిని గుడ్డ కొసతో అద్దేయండి. రబ్బరు అంచు ఎక్కడైనా చిట్లితే ఆ చోట ప్రతిసారీ ఒకే గీత పడుతుంది, అది కనిపిస్తే రబ్బరు మార్చవలసి వచ్చిందని అర్థం. ఈ పద్ధతిలో ఇబ్బంది ఏమిటంటే కింద నీళ్లు కారతాయి, చెయ్యి తిరగడానికి కొంత సమయం పడుతుంది, చిన్నచిన్న గళ్లుగా ఉన్న కిటికీలకు వైపర్ పట్టదు. మీవి పెద్ద అద్దాలు కనుక మీకు ఇది బాగా సరిపోతుంది.

రెండో దారి వెనిగర్ ఒక భాగం, నీరు ఒక భాగం నుంచి మూడు భాగాల వరకు, అందులో ఇంకేమీ కలపకుండా. వెనిగర్‌లోని ఆమ్లం నీటితో పాటే ఆవిరైపోతుంది కనుక రంగు లేని తెల్ల వెనిగర్ తనంతట తాను చార మిగల్చదు, నీటి లవణాల పలుచని పొరను కరిగిస్తుంది కూడా. వాసన ఆరాక పోతుంది, మీ అత్తగారికి ఇబ్బందిగా ఉంటే కిటికీ కాసేపు తెరిచి ఉంచండి. కానీ ఇది జిడ్డును అంతగా వదిలించదు. ముఖ్యంగా కిటికీ గట్టు పాలరాతిది అయితే చాలా జాగ్రత్త అవసరం. అద్దం మీది తెల్లమరకలో ఉన్నదీ, పాలరాయిలో ఉన్నదీ ప్రధానంగా కాల్షియం కార్బొనేటే. వెనిగర్‌కు ఆ రెండింటికీ తేడా తెలియదు, కారిన చోటల్లా రాతి మెరుపు చచ్చిపోయి తెల్లటి మచ్చ పడుతుంది. అల్యూమినియం చట్రం మీద కూడా నిలవనివ్వకూడదు. ఆ లోహాన్ని కాపాడేది దాని మీద సహజంగా ఏర్పడిన సన్నని ఆక్సైడ్ పొర, ఘాటైన ఆమ్లమైనా క్షారమైనా దాన్ని తినేస్తాయి. సీసాతో చిమ్మే బదులు గుడ్డకు పట్టించి తుడిస్తే ఈ రెండు ఇబ్బందులూ చాలావరకు తప్పుతాయి.

మూడోది 70 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్, నీరు సమపాళ్లలో, కావాలంటే ఒక చెంచా వెనిగర్. ఇది చాలా త్వరగా ఆరుతుంది, వేలిముద్రల్లాంటి పలుచని జిడ్డును తీసేస్తుంది, వైపర్ పట్టని చిన్న అద్దాలకు బాగుంటుంది. మూడింటిలో ఖరీదైనదీ ఇదే. ఇది మంట అంటుకునే పదార్థం కనుక వంటింట్లో పొయ్యి వెలుగుతుండగా వాడకూడదు, యాక్రిలిక్ పలకల మీదా వాడకూడదు, అవి పగుళ్లిచ్చి మసకబారతాయి. ఈ మిశ్రమంలో కార్న్‌ఫ్లోర్ ఒక చెంచా కలపమని మీరు ఎక్కడైనా వినవచ్చు. ఆ పిండి చాలా మెత్తని రాపిడినిస్తుందన్నది నిజమే గానీ, ప్రతిసారీ సీసా ఊపుకోవాలి, స్ప్రే ముక్కు పూడుకుపోతుంది, సరిగా తుడవకపోతే తెల్లటి పొడి మిగులుతుంది. చారలతో విసిగిపోయిన మీకు నేను దాన్ని సిఫారసు చేయను.

ఏ దారి ఎంచుకున్నా గుడ్డ విషయంలో మాత్రం పిసినారితనం వద్దు, పాత బనియను ముక్కల నూగు అద్దానికి అంటుకుంటుంది. రెండు మైక్రోఫైబర్ గుడ్డలు, ఒకటి తడికి, ఒకటి పొడికి, స్ప్రే సీసాల మీద పెట్టే ఖర్చుతో పోలిస్తే ఏళ్ల తరబడి వస్తాయి. వాటిని ఉతికేటప్పుడు బట్టలు మెత్తబడటానికి వేసే కండిషనర్ వేయకండి. అది పోగుల మీద పూతగా నిలిచి, మళ్లీ తుడిచినప్పుడు అద్దానికి ఎక్కుతుంది. ఇంకో చిన్న ఉపాయం: లోపలి వైపు అడ్డంగా, బయటి వైపు నిలువుగా తుడవండి. మిగిలిన చార ఏ దిక్కున ఉందో చూస్తే అది ఏ వైపుదో తెలిసిపోతుంది, రెండు వైపులా మళ్లీ మళ్లీ తుడుచుకునే పని తప్పుతుంది. మీ అద్దాలు మొదటిసారి ఈ కొత్త పద్ధతిలో తుడిచినప్పుడు కూడా మసకగా ఉండవచ్చు, ఇన్నాళ్లుగా పేరుకున్న లిక్విడ్ పొర, ఉప్పు వదలడానికి రెండు మూడు విడతలు పట్టవచ్చు. దానికి కంగారు పడి మళ్లీ మోతాదు పెంచవద్దు.

వంటింటి కిటికీకి వెనిగర్ పనికిరాదు. పొయ్యి మీది నూనె ఆవిరి అద్దానికి పట్టి, గాలికి వెలుతురుకు గట్టిపడి జిగురైపోతుంది. దానికి వేడి సబ్బునీళ్లే సరైన మందు, ఇక్కడ మాత్రం లిక్విడ్ కాస్త ఎక్కువే వేసుకోండి. తడి గుడ్డను కొన్ని నిమిషాలు అద్దానికి ఆనించి ఉంచి, మెత్తబడ్డాక తుడిచి, తర్వాత మామూలు నీళ్లతో రెండుసార్లు కడగండి. అప్పటికీ వదలకపోతే బట్టల సోడా ఒక చెంచా లీటరు వేడినీటిలో కరిగించి వాడవచ్చు. అది ఘాటైన క్షారం కనుక చేతికి తొడుగులు వేసుకోవాలి, అల్యూమినియం చట్రానికి తగలకుండా చూసుకోవాలి, తర్వాత బాగా కడగాలి. లేకపోతే అదే తెల్లటి చారలుగా మిగులుతుంది.

స్నానాల గది కిటికీ మీద మీరు ఎక్కువ శ్రద్ధ పెట్టాలి, అడ్వాన్సు భయం ఉన్నదీ అక్కడే. నీటి చుక్క అద్దం మీద ఆరిన ప్రతిసారీ దానిలోని కాల్షియం, మెగ్నీషియం లవణాలు ఒక వలయంగా మిగులుతాయి, రోజూ అదే చోట చుక్కలు ఆరుతుంటే ఆ పొర పెరుగుతూ పోతుంది. దీనికి పలచని స్ప్రే చాలదు. నీరు కలపని వెనిగర్‌లో ముంచిన కాగితపు రుమాలును మరక మీద అతికించి, పావుగంట నుంచి అరగంట వరకు ఆరిపోకుండా తడుపుతూ ఉంచండి. అక్కడక్కడ చిన్న బుడగలు కనిపిస్తే లవణం కరుగుతోందన్నమాట. తర్వాత మెత్తని స్పాంజితో రుద్ది, నీళ్లతో కడిగి, వెంటనే పొడిగా తుడవండి. ఒక విడతకు పోకపోతే మర్నాడు మళ్లీ చేయండి. ఇక్కడ మీ వంటసోడాకు కూడా పని ఉంది, అయితే వెనిగర్‌తో కలిపి కాదు, వెనిగర్ కడిగేశాక విడిగా. కొద్ది నీటితో ముద్దగా చేసి వేలితో రుద్దితే అది గాజు కంటే మెత్తనిది కాబట్టి గీతలు పెట్టకుండా మిగిలిన పొరను కదిలిస్తుంది. స్టీలు పీచు, గిన్నెలు తోమే పౌడరు మాత్రం దగ్గరికి రానివ్వకండి. బ్లేడుతో గీకమని ఎవరైనా అంటే ముందు అద్దం మూలలో చిన్న ముద్ర ఉందేమో చూడండి, గట్టిపరిచిన గాజుకు అలాంటి గుర్తు వేస్తారు. ఆ గాజు ఉపరితలం మీద తయారీలో అంటుకున్న సూక్ష్మ కణాలు ఉండవచ్చు, బ్లేడు వాటిని ఈడ్చుకుంటూ పోయి పొడవైన గీతలు పెడుతుంది.

రెండు మూడు విడతల తర్వాత అద్దాన్ని ఆరబెట్టి, మిగిలిన మచ్చ మీద గోటితో మెల్లగా గీరి చూడండి. గోటికి గరుకుగా, ఎత్తుగా తగిలితే అది ఇంకా పొరే, పోయే అవకాశం ఉంది. అయితే నీటిలో సిలికా ఎక్కువగా ఉన్న చోట పొరలో అది కూడా చేరుతుంది, దాన్ని వెనిగర్ కరిగించలేదు. గోటికి నున్నగా తగులుతూ కంటికి మాత్రం మబ్బుగా కనిపిస్తే, గాజే తిని ఉండవచ్చు. కిటికీ గాజులో సోడియం ఉంటుంది. దాని మీద నీరు పదే పదే నిలిచి ఆరితే సోడియం బయటికి వచ్చి ఆ నీరు క్షారమై, నెమ్మదిగా గాజునే కొరుకుతుంది. అలా పాడైన అద్దాన్ని ఏ వెనిగరూ, ఏ కొన్న సీసా కూడా బాగుచేయలేదు. సీరియం ఆక్సైడ్ పొడితో మెరుగు పెట్టించడం ఒక మార్గం, అది తెలిసినవారు చేయవలసిన పని, చిన్న మచ్చలకే లాభసాటి. లేదా అద్దం మార్చుకోవడం. మరో సంగతి, రెండు అద్దాల మధ్య ఖాళీ ఉండే జంట అద్దాల కిటికీలో మబ్బు లోపల ఉంటే, అది దాని అంచు బిగింపు పాడవడం వల్ల వచ్చినది. తుడిచే అవకాశమే లేదు, మీరు చేసిన తప్పూ కాదు.

యజమాని విషయంలో మీకు రెండు దారులున్నాయి. ఖాళీ చేసే రోజు దాకా ఊరుకుని, ఆయన చూస్తారో లేదో అని గుండెలు చిక్కబట్టుకోవడం ఒకటి. ఇప్పుడే పగటి వెలుతురులో ఆ కిటికీ ఫొటోలు తీసి, శుభ్రపరిచాక మళ్లీ తీసి, మిగిలినది నీటి లవణాల వల్ల ఏళ్లుగా పేరుకున్న మరక అని ముందుగానే చెప్పడం రెండోది. రెండో దారిలో ఆయన దృష్టి మరక మీద పడేలా మీరే చేస్తారన్నది నిజం. కానీ ఇంకా రెండు నెలలు ఉండగా మాట్లాడితే బోరు నీళ్ల సంగతి, మీరు రాకముందు ఆ అద్దం స్థితి, వాడకంలో సహజంగా వచ్చే అరుగుదల వంటివి ప్రశాంతంగా చర్చించుకునే వీలుంటుంది, ఆఖరి రోజు సామాను లారీలోకి ఎక్కుతుండగా ఆ వీలు ఉండదు. ఇంట్లో చేరినప్పటి ఫొటోలు మీ ఫోనులో ఎక్కడైనా ఉన్నాయేమో వెతకండి, వెనుక కిటికీ కనబడే ఏ కుటుంబ ఫొటో అయినా పనికొస్తుంది. ఒప్పంద పత్రంలో మరమ్మతులు ఎవరి ఖర్చు అని ఉందో కూడా ఒకసారి చదువుకోండి.

మీ అత్తగారి మాటలో ఉన్న నిజాన్ని మీరు గుర్తించవలసిన అవసరం ఉంది, ఆమె ఆ మాట అన్న తీరు మిమ్మల్ని నొప్పించినా సరే. నీళ్లు, పాత పేపర్లు అనే ఆమె పద్ధతిలో అద్దం మీద మిగిలిపోయే పదార్థం మీ మిశ్రమంలో కంటే చాలా తక్కువ. నలిపిన న్యూస్ పేపర్ నూగు వదలకుండా తడిని పీలుస్తుంది, అందుకే అది పనిచేసింది. దాని ఇబ్బందులూ ఉన్నాయి. తడిస్తే చిరుగుతుంది, సిరా చేతులకూ తెల్లటి కిటికీ చట్రానికీ అంటుకుంటుంది, నున్నటి మెరుపు కాగితం నీరే పీల్చదు. మీరు సబ్బునీటితో కడిగి వైపర్ లాగాక, ఆఖరి మెరుగు పొడి పేపరుతో ఆమెనే పెట్టమని అడగవచ్చు. దానివల్ల ఆమె పద్ధతికి చోటు దొరుకుతుంది, మీకు ఒక చెయ్యి సాయం దొరుకుతుంది. అయితే ఆమె దాన్ని తన గెలుపుగా నలుగురికీ చెప్పుకునే అవకాశం లేకపోలేదు, అది మీరు తట్టుకోలేననుకుంటే ఒంటరిగా చేసుకోవడమే నయం. వచ్చినవారి ముందు అనవద్దని మీరు కోరదలిస్తే, చారల వాదన మధ్యలో కాకుండా వేరే సమయంలో, ఆ ఒక్క మాటే అడగండి. అద్దం సంగతీ గౌరవం సంగతీ ఒకే మాటలో కలిపితే రెండూ తేలవు.

మళ్లీ సీసాలు కొనుక్కోవచ్చా అంటే, కొనుక్కోవచ్చు, అందులో ఓటమి ఏమీ లేదు. వాటిని చారలు పడకుండా ఆరేలా తయారు చేస్తారు, కొలతల బెడద ఉండదు. కాకపోతే పెద్ద అద్దాలకు ఖర్చు ఎక్కువ, జిడ్డు మీదా గట్టిపడిన తెల్లచుక్కల మీదా వాటి శక్తి అంతంతమాత్రమే. నల్లటి ఫిల్మ్ అతికించిన అద్దం ఏదైనా ఉంటే అమ్మోనియా లేని రకం చూసుకోవాలి. పెద్ద కిటికీలన్నీ సబ్బునీటితో చేసుకుని, హడావుడిగా ఒక వేలిముద్ర తుడుచుకోవడానికి ఒక చిన్న సీసా ఇంట్లో ఉంచుకోవడం మధ్యేమార్గం. ఇప్పుడు మీ దగ్గర మిగిలిన పాత మిశ్రమాన్ని దేనితోనూ కలపకుండా నీళ్లతో పాటు పారబోసి, సీసాను బాగా కడిగాకే కొత్తది పోయండి, ఏది పోశారో పేరు రాసి అతికించండి. తాగే నీళ్ల సీసాల్లో మాత్రం పోసి ఉంచకండి. మేడ మీది కిటికీల బయటి వైపు చేతికి అందకపోతే గట్టు ఎక్కి బయటికి వంగకండి, పొడవు కర్రకు బిగించే వైపర్ తీసుకోండి. దానికీ అందనివి ఇల్లు ఖాళీ చేసేటప్పుడు ఒక్కసారి పనివారితో చేయించుకోవచ్చు.